జాబుపనియు స్వంతపనియు

మన పట్టణములలో ఏ ప్రధానవీధిని నడచినను, మందుల దుకాణముపై మేడగదియందో, బ్యాంకు వెనుకనున్న సందులోనో ఒక చిన్న డిజైను స్టూడియో కానవచ్చును. రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ముగ్గురో నలుగురో యువతీయువకులు. పెండ్లి శుభలేఖ, మిఠాయి దుకాణపు పెట్టె, ఆసుపత్రి నామఫలకము, ఇండ్లస్థలముల వ్యాపారి కరపత్రము, కళాశాల ప్రకటన, ఎన్నికలు వచ్చినచో నాయకుల ఫ్లెక్సీ - ఇవన్నియు నచ్చటనే రూపు దాల్చుచున్నవి. పని యిచ్చువాడు వచ్చి తన ఫోనులో మరియొకరి దుకాణపు బొమ్మను చూపి, అచ్చముగా ఇట్లే కావలెను, సాయంత్రమునకు కావలెను అనును. పేరు ఇంకను పెద్దదిగా నుండవలెననును. నాలుగుమారులు మార్పించి అయిదవమారు మొదటిదే బాగున్నదనును. ఎదుట కూర్చున్న వాడు చిత్రకళ నేర్చినవాడనిగాని, వానికిని తనదగు ఊహ యొకటి యుండుననిగాని ఆ వచ్చినవానికి తోచదు. కొన్ని యేండ్లు గడచినపిమ్మట ఆ యువకునకే తోచుట మానును. మమ్ము కలవరపెట్టుచున్నది ఈ రెండవ సంగతి.

దేశమున ఇంతకంటె పెద్ద సమస్యలు లేవా యని మా పాఠకులలో కొందరడుగవచ్చును. కలవు. కాని తెలుగువాడు పఠనమందిరమున చదువునది దినమునకొక గడియ యైనచో, వీధిలో చదువునది దినమంతయు. బస్సుపైని ఊరిపేరు, బియ్యపు సంచిపైని ముద్ర, బడిగోడపైని అక్షరములు, వీనిని గీచువారెవరు? ఆ మేడగదులలోని యువకులే. గ్రాంథికమా వ్యావహారికమా యని మన పెద్దలు దశాబ్దములు పోరాడిరి. ఏ మాట వ్రాయవలెనో అంత శ్రద్ధతో తర్కించిన జాతి, ఆ మాట ఏ రూపమున కంటికి కనబడవలెనో అందులో పదవవంతు శ్రద్ధతోనైనను తర్కింపలేదు. ఆ భారము సాయంత్రమునకు కావలెనను జాబుపనివారిపై పడినది.

తెలుగు అక్షరముతో పనిచేయుట యెంత చిక్కో పని యిచ్చువారికి సాధారణముగా తెలియదు. ఇంగ్లీషు అక్షరములు ఒక గీతపై బుద్ధిమంతులవలె వరుసగా నిలుచును. మన అక్షరము తలపై తలకట్టును, గుడిని, ఏత్వమును ధరించును. క్రింద ఒత్తులను వ్రేలాడదీయును. రాష్ట్రము అను మాటనే చూడుడు: ఒక్క షకారము టవత్తును, క్రావడిని రెంటిని మోయవలెను. ఇంగ్లీషు కొలతకు గీచిన పెట్టెలో ఈ మాటను కూర్చినచో పై వరుసలోని ఒత్తులు క్రింది వరుసలోని గుడులను తాకును. తాకకుండుటకు అక్షరమును అణగద్రొక్కినచో ముసలివారి కండ్లకు అది అక్షరమే కాదు. కొన్ని సాఫ్టువేర్లలో అమరిక సరిగా చేసికొననిచో ఒత్తు ఊడిపడి, పొల్లుహల్లు వేరుగను, ప్రక్క హల్లు వేరుగను అచ్చగును. అట్లు విరిగిన మాటలు రేకు ఫలకములపైకెక్కి ఏండ్లతరబడి ఎండకు వానకు నిలుచుచున్నవి. మనమును వానిక్రిందనే నడచిపోవుచున్నాము. ఒక సంపూర్ణమైన తెలుగు ఫాంటు తయారుచేయవలెనన్న గుణింతములు, ఒత్తులు, సంయుక్తాక్షరములు కలిపి వందలకొలది రూపములు గీయవలయును. ప్రతిరూపమును దాని ఇరుగుపొరుగులతో పొసగునట్లు సరిచూడవలయును.

ఇది గంటలలెక్కన తీరు పని కాదు. దీనికి తీరిక కావలెను. చెడగొట్టి మరల గీయు స్వేచ్ఛ కావలెను. గీచినదానిని ఎవ్వరును కొనకపోయినను ఓర్చుకొను శక్తి కావలెను. ఈ మూడును కలిపి మేము ప్రయోగమనుచున్నాము. దానిని విలాసమని తలచువారు స్టూడియోల లోపలను వెలుపలను గూడ నున్నారు.

మన కన్నులయెదుట ఉన్న ఫలితములను తలచుకొనుడు. బాపు పుస్తకముల అట్టలకును, చలనచిత్రముల పేళ్లకును వ్రాసిన అక్షరములు ప్రచురణకర్తలకొరకు, నిర్మాతలకొరకు వ్రాసినవే. అయినను వానిలో ఆయన చేయి కానవచ్చెను. ఎవ్వరో చూపిన నకలు కానరాలేదు. 2014లో ఆయన గతించిరి. ఆ చేవ్రాతమాత్రము కంప్యూటరు ఫాంటై నేటికిని శుభలేఖలపై నిలిచియున్నది. సిలికానాంధ్ర సంస్థవారు ధూర్జటి, సూరన్న, గిడుగు, గురజాడ యను పేళ్లతో పెక్కు ఫాంట్లను ఉచితముగా తెలుగువారి చేతికిచ్చిరి. ముంబయినగరమున ఏక్ టైప్ అను చిన్న అక్షరశిల్పుల బృందము కలదు. వారు సంస్థలకు రుసుము పుచ్చుకొని అక్షరములు గీయుచునే, బాలూ అను పేర పెక్కు భారతీయ లిపులకు ఒక అక్షర కుటుంబమును గీచి ఎవరైనను వాడుకొనుటకు విడిచిపెట్టిరి. అందలి తెలుగుదానికి బాలూ తమ్ముడు అని పేరు పెట్టిరి. తమ్ముడు ముంబయిలో పుట్టెను. అన్నగారు విజయవాడలోను వరంగల్లులోను ఫ్లెక్సీలు కట్టుకొనుచున్నాడు!

కడుపు నింపు పనికిని, చేతిని పెంచు పనికిని పొత్తు కుదుర్చుట ఎట్లు? ఈ ప్రశ్న మనకొక్కరికే కలిగినది కాదు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను దంపతులు 1941లో లాస్ ఏంజెలిసు నగరము చేరిరి. భర్త పగలు చలనచిత్రసంస్థయందు రంగాలంకరణ పని చేయుచుండెను. రాత్రులు ఇరువురును తమ అద్దె యింటిలోనే పలుచని చెక్కపొరలను జిగురుతో నతికి వంచుటకు స్వయముగా ఒక యంత్రమును కట్టి ప్రయోగములు చేయుచుండిరి. ఆ పని వారి నెవ్వరును అడుగలేదు. అందుకు దమ్మిడీ ఇచ్చినవారు లేరు. మరుసటి యేట, యుద్ధసమయమున, అమెరికా నౌకాదళమునకు గాయపడిన కాళ్లకు కట్టు పలకలు కావలసివచ్చెను. ఇనుప పలకలకంటె వంచిన చెక్కపలక మేలని ఈ దంపతులు చూపిరి. లక్షకు పైగా పలకలు తయారయ్యెను. ఆ జాబుపనివలన సమకూరిన పనిముట్లతోను, నేర్పుతోను యుద్ధానంతరము వారు చేసిన చెక్క కుర్చీలు లోకప్రసిద్ధములైనవి. ఆ యద్దెగదిలోని యంత్రమే లేనిచో నౌకాదళపు పని వారికి దక్కెడిది కాదు. నౌకాదళపు పని లేనిచో కుర్చీ గదిలోనే మిగిలిపోయెడిది.

న్యూయార్కున 1954లో మిల్టన్ గ్లేజర్, సీమోర్ క్వాస్ట్, ఎడ్వర్డ్ సోరెల్ అను కళాశాల సహాధ్యాయులు పుష్ పిన్ స్టూడియోను స్థాపించిరి. వారి పద్ధతి వేరు. పని యిచ్చువారియొద్దకు పోయి మీకేమి కావలెనని అడుగుటకు ముందే, మాకేమి గీయవలెనని యున్నదో చూడుడని ఒక చిన్న పత్రికను అచ్చువేసి ఉచితముగా పంపుచుండిరి. అందు తమకిష్టమైన విషయము, తమకు తోచిన అక్షరము, పాత కాలపు బొమ్మలనుండి తాము నేర్చినది అంతయు పెట్టుచుండిరి. 1957లో దానికి పుష్ పిన్ మంత్లీ గ్రాఫిక్ అని పేరు వచ్చినది. నెలనెలా తేలేక కొంతకాలమునకు మంత్లీ యను మాటను తీసివేసిరి. (చెప్పిన వేళకు పత్రికను వెలువరించుట యెట్టిదో మాకును తెలియును, వారిని నవ్వజాలము.) అయినను 1980 వరకు 86 సంచికలు వచ్చినవి. వానిని చూచిన ప్రచురణకర్తలు, వ్యాపారులు ఇట్టిదే మాకును కావలెనని వచ్చిరి. నిన్న ప్రయోగమైనది నేడు జాబుపని యయ్యెను. 1970లో వారి పనిని పారిస్‌లో లూవ్రు భవనమునందలి అలంకారకళల ప్రదర్శనశాలలో నుంచిరి. మన స్టూడియోలు పని యిచ్చువాడు ఫోనులో చూపిన బొమ్మతో మొదలుపెట్టుచున్నవి. వారు తమ బొమ్మను ముందుగా వాని యింటికి పంపిరి. ఈ తేడాయే సమస్తమును మార్చినది.

మూడవ దృష్టాంతము అదే నగరమునందలిది. స్టీఫన్ సాగ్మైస్టర్ 1993లో అచ్చట ఒక చిన్న స్టూడియో పెట్టెను. ఏడేండ్లకొకమారు ఒక సంవత్సరము తలుపులు మూసి, ఎవ్వరి పనియు పుచ్చుకొనక, తన ప్రయోగములకే ఆ కాలమును విడిచెను. మన మేడగది స్టూడియో ఏడాది మూసినచో మరల తెరువనక్కరలేదు. అద్దె యజమానియే ఆ సంగతి చూచుకొనును. కాబట్టి ఈ దృష్టాంతమునందు మాకు నచ్చినది ఏడాది సెలవు కాదు, దానినిగూర్చి ఆయనయే చెప్పికొన్న ఒక చిన్న సంగతి. మొదటి సెలవునందు ప్రణాళిక ఏమియు లేక, ఖాళీకాలము దానంతటదే ఏదో ఒకటి పుట్టించునని యుండెనట. ఎవరెవరో అడిగిన చిల్లర పనులతో దినములు గడచిపోయి, తన స్టూడియోలో తానే చిన్న గుమాస్తాయైనట్లు తోచెనట. అప్పుడు చేయదలచినవన్నియు వ్రాసికొని, బడిపిల్లల కాలపట్టిక వలె గంటలు పంచుకొనగా పని సాగినదట. సంవత్సరమంతయు చేతిలోనున్న వానికే ఇట్లైనచో, పని తగ్గినప్పుడు ఏదైన కొత్తది చేయుదమను మన యువకుల మాట ఎంతవరకు నిలుచును?

పని తగ్గినదినము ఎన్నడును రాదు. వచ్చినచో ఆ దినమున ప్రయోగము చేయుటకు మనసు రాదు. రైతు పంట నూర్చిన కళ్లములోనే విత్తనపు గింజలను వేరుచేసి పెట్టును. తినగా మిగిలినదానిని విత్తుదమనుకొన్న కాపు మరుసటి యేడు అప్పుకు పోవలసినదే. స్టూడియోవారును వారములో ఒక పూటను ముందుగా గీతగీసి వేరుచేయవలయును. ఆ పూట ఫోను మరియొక గదిలో నుండవలయును. ప్రతి రుసుములోను కొంతభాగమును కాగితమునకు, అచ్చుకు, చెడిపోవు నమూనాలకు తీసి యుంచవలయును. ఆ భాగమెంత యని మేము నిర్ణయింపము. ఎంత చిన్నదైనను రుసుము వచ్చినదినముననే తీయవలెననుటయే మా మాట.

మనలో ఆర్జనచే ఆశయమును పోషించినవారు లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము పెట్టిరి. 1908లో ఆ నగరముననే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. తలనొప్పి మందు గడించినది తెలుగు అక్షరమునకు వెచ్చమయ్యెను. అయితే వారి మందును పత్రికయు వేర్వేరు. ఒకదాని అలసట రెండవదానికంటదు. స్టూడియోలో జాబుపని చేయునదియు, ప్రయోగము చేయవలసినదియు ఒక్క చేయియే, ఒక్క కన్నే. అందుచేతనే నకలుపని అచ్చట కాలమును మాత్రమే తినుటలేదు, కంటిని గూడ తినుచున్నది. ఒక సంవత్సరము ఇతరుల బొమ్మలను గీచినవాడు తన బొమ్మను గీయబోవునప్పుడు ఇతరుల బొమ్మయే చేతికి వచ్చును.

ఇంతవరకు స్టూడియోవారి పక్షమున చెప్పితిమి గనుక వారికి చేదుగా నుండు మాట కూడ చెప్పవలసియున్నది. పని యిచ్చువానికి అభిరుచి లేదని నిట్టూర్చుట మన కళాకారులకు ఒక అలవాటైనది. అభిరుచి లేనివాడు కూడ రుసుము ఇచ్చుచున్నాడు. వాని సరకు అమ్ముడుపోవలెను, వాని చిరునామా దొరకవలెను. ఆసుపత్రి దారి చూపు ఫలకముపై ఎవ్వరును చదువజాలని వింత అక్షరములు వ్రాసి, ఇది నా ప్రయోగమనువాడు కళాకారుడు కాడు; రాత్రివేళ రోగిని మోసికొనివచ్చినవానికి అపరాధి. మిఠాయి పెట్టెపై సాహసము చేయవచ్చును. మందు సీసాపై మోతాదు అంకెలతో చేయరాదు. ఒకరి సొమ్ముతో వారికి చెప్పక చేయు ప్రయోగము ప్రయోగమే కాదు. స్వంత కాగితముపై పదిమారులు తప్పి, పదునొకండవమారు కుదిరినదానిని పని యిచ్చువాని యెదుట పెట్టుట మర్యాద. అతడు అడిగినది అడిగినట్లే ఒకటి చేసి, ప్రక్కన తమకు తోచినది ఒకటి యుంచి, ఏరుకొమ్మనుట ఇంకను మర్యాద. ఆ రెండవదానిని ఏరుకొనువారు మొదట పదిమందిలో ఒక్కరుందురేమో. ఆ ఒక్కరే చాలును.

ఇక పని యిచ్చువారి సంగతి. మూడు నమూనాలు ఊరక గీచి చూపుడు, నచ్చినచో ఒకదానికి రుసుమిత్తుము అను వాడుక మన పట్టణములలో వేళ్లూనినది. దర్జీచేత మూడు చొక్కాలు కుట్టించుకొని నచ్చినదానికే కూలి యిచ్చెదనను పెద్దమనిషి బజారున నగుబాటగును. స్టూడియోలో అదే పెద్దమనిషి వ్యాపారదక్షుడనిపించుకొనుచున్నాడు. ఊరక గీచిన ఆ రెండు నమూనాలే యువకుని ప్రయోగపు పూటను మ్రింగినవి. రుసుము ఒప్పుకొన్నపిమ్మటనైనను సకాలమున ముట్టునా? 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, చిన్న సంస్థలయొద్ద సరకో సేవయో పుచ్చుకొన్నవారు వ్రాతమూలమైన ఒడంబడిక యున్నను 45 దినములకు మించి గడువు పెట్టరాదు. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకురేటుకు మూడింతల వడ్డీని, నెలనెలా చక్రవడ్డీగా, చెల్లించవలెను. నమోదు చేయించుకొన్న స్టూడియోవారందరికిని ఈ రక్షణ కలదు. కాని చట్టము నడిగినవానికి మరల ఆ వీధిలో పని యెవరిత్తురు? ఆ భయముచేత ఆరునెలల బాకీకై చేతులు కట్టుకొని నిలువబడి, అద్దెకొరకు మరునాటి నకలుపనిని ఒప్పుకొనుచున్నారు. ప్రతిభలేమివలన ఆగిపోయిన ప్రయోగములకంటె రాని బాకీలవలన ఆగిపోయినవే యెక్కువ యని మా విశ్వాసము.

ఈ నకలుపనియైనను స్థిరమా యన్నచో అదియును కాదు. సిద్ధముగా అమర్చిన అచ్చులు ఇంటర్నెట్టులో ఊరక దొరకుచున్నవి. కృత్రిమ మేధ యను యంత్రములు అడిగిన క్షణమున బొమ్మలు గీచి యిచ్చుచున్నవి. తెలుగు ఒత్తుల యెదుట ఆ యంత్రములు ఇప్పటికిని తరచుగా తడబడుచున్నవి, రేపు తడబడకపోవచ్చును. అప్పుడు ఫోనులోని బొమ్మను అచ్చముగా దింపి యిచ్చుటకు ఎవ్వరును మేడమెట్లు ఎక్కరు. మరియెక్కడను దొరకనిది ఆ గదిలో నున్నప్పుడే ఎక్కుదురు.

ఈమ్స్ దంపతులకు మన దేశముతో సంబంధము కలదు. భారతప్రభుత్వము కోరగా 1958లో వారొక నివేదిక వ్రాసిరి. మనము ప్రతిదినము చేతబట్టు చెంబును చూచి, ఎంత నీరు పట్టవలెను, నెత్తిపై నెట్లు నిలుచును, వంచిన నెట్లు ధారకట్టును అని తరతరములుగా జనము వేసికొన్న ప్రశ్నలు దానికా రూపము నిచ్చినవని అందు కొనియాడిరి. ఆ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను విద్యాలయము వెలసినది. 2015లో ఆంధ్రప్రదేశమునకును అట్టి విద్యాలయమొకటి వచ్చినది. అచ్చట చదివినవారు పట్టము చేతబట్టుకొని బెంగుళూరునకో, ముంబయికో పోవుదురా, లేక మన మేడగదులలో ఒకదానికి అద్దె కట్టుదురా యనునది విద్యాలయమువారు తీర్చు ప్రశ్న కాదు. ఆ మేడగదిలో వారమునకొక పూట తనదై యుండునను నమ్మకము వారికి కలుగవలెను గదా.

మా పాఠకులలో పురపాలకసంఘముల సభ్యులున్నారు; పాఠశాలల కార్యదర్శులు, వర్తకులు, గ్రంథాలయ నిర్వాహకులు ఉన్నారు. వారు తమకు వలసిన పనులలో ఏడాదికొక్కటి, ఊరి పేరు వ్రాయు ఫలకమో, బడి వార్షికోత్సవ పత్రమో, ఊరి స్టూడియోకు నకలు చూపక, తగిన రుసుమును నెలరోజుల గడువును ఇచ్చి అప్పగింపవలెనని కోరుచున్నాము. స్టూడియోలవారును న్యూయార్కు మిత్రులవలె తమకు తోచిన అక్షరములతో మూడునెలలకొక కాగితము అచ్చువేయవచ్చును. నాలుగు స్టూడియోలు కూడినచో ఖర్చు నాలుగుపాళ్లగును. దానిని వ్రేలాడగట్టుటకు మన పఠనమందిరములలో గోడలు ఖాళీగానే యున్నవి. గోడ నడుగుటకు స్టూడియోవారు రావలెనా, పిలుచుటకు గ్రంథాలయమువారు మేడ ఎక్కవలెనా యని వాదము పెట్టుకొనక, ఎవరికి ముందు తీరిక దొరకిన వారు ముందు బయలుదేరుదురుగాక.